చత్వారం వచ్చాక పిస్టల్

కర్నూల్లో ఆడమనిషి పిస్టల్ నేర్చుకుంటోందంటే జనం మొదట అడిగేది "ఎవరి మీదమ్మా?" అని. నవ్వుతూనే అడుగుతారు గానీ, సగం నిజంగానే అడుగుతారు. మా అత్త మాత్రం నవ్వలేదు. ఆమె పుట్టిల్లు పత్తికొండ పక్క పల్లె. పెద్దోళ్ళ ఇండ్ల అరుగుల మీద తుపాకులు పెట్టుకొని కూచున్న మనుషుల్ని చూస్తా పెరిగింది. "మనకేం ఖర్మ పట్టిందని ఆ యవ్వారం? ఇంట్లోకి ఆ వస్తువు వచ్చిందంటే నేను మా తమ్ముని ఇంటికి పోతా" అనేసింది. అత్తా, అది గాలి ఒత్తిడితో పనిచేసే పిస్టల్, దాంట్లోంచి వచ్చేది అర గ్రాము సీసం ముక్క, పది మీటర్ల దూరంలో అట్టకు చిల్లు పెట్టే ఆట అని చెప్పి చూశాను. "మనిషికి తగిలితే?" అంది. కంటికి తగిలితే కన్ను పోతుంది. కళ్ళద్దాలు అమ్ముకుని బతికేదాన్ని, ఆ విషయంలో అబద్ధం ఎట్లా చెప్తాను? వాదన అక్కడ ఆగిపోయింది. చివరికి కుదిరిన ఒప్పందం ఏందంటే, పిస్టల్ ఇంటి గడప తొక్కదు, షాపులో ఇనప బీరువాలోనే ఉంటుంది. పిల్లలు తిరిగే ఇల్లు కాబట్టి ఆలోచిస్తే ఆమె మాటే సబబు.

మా షాపు బుధవారపేటలో, పెద్దాసుపత్రికి దగ్గర్లో. పొద్దున షట్టర్ ఎత్తితే రాత్రి దాకా పవర్ చూడటం, లెన్స్ అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం, చిన్న చిన్న స్క్రూలు బిగించడం. వయసు నలభై నాలుగు. నా రెండు కళ్ళకూ పవర్ మైనస్ 1.25. ఈ అంకె కాస్త గుర్తు పెట్టుకోండి, దీంతో పని ఉంది.

క్లాసులో చేరింది నిజానికి మా అబ్బాయి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది కదా, ఆ వారమంతా వాడు టీవీ ముందు నుంచి లేవలేదు. నంద్యాల రోడ్డు వైపు ఒక పాత గోడౌన్లో ఎయిర్ పిస్టల్ నేర్పిస్తారని ఎవరో చెబితే మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టేశాను. నెల తిరక్కుండానే వాడు మళ్ళీ క్రికెట్ బ్యాట్ పట్టుకున్నాడు. ఫీజు వాపసు రాదు. మిగిలిన రోజులకు నేను వస్తే ఒప్పుకుంటారా అని కోచ్ సారును అడిగాను, ఒప్పుకోడనే అనుకున్నా. ఆయన ఏపీఎస్పీ, అంటే రాష్ట్ర ప్రత్యేక పోలీసు, రెండో పటాలంలో ఆయుధాల మరమ్మతు చూసి రిటైరైన మనిషి, మాట తక్కువ. "మీరు కళ్ళద్దాలాయమ్మ గదా? స్క్రూలు బిగించే చెయ్యి వణకదు. రాండి" అన్నాడు.

అట్లా ఇంటర్ పిల్లలు, ఇంజనీరింగ్ పిల్లల మధ్య నేనొక్కదాన్నే ఆంటీని.

మొదటి రోజు పిస్టల్ ముట్టనివ్వలేదు. బల్ల మీద పెట్టి, దాని చుట్టూ మమ్మల్ని నిలబెట్టి, అవే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. ఖాళీదని తెలిసినా గుండు ఉన్నట్టే లెక్క. గురి చూసే సైట్లు టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డుకు బయటే. గొట్టం పొడవునా రంగు ప్లాస్టిక్ దారం ఒకటి దూర్చి ఉంచుతారు, దాని పేరు సేఫ్టీ ఫ్లాగ్. అది రెండు వైపులా కనిపిస్తే లోపల గుండు లేదని ఎవరైనా దూరం నుంచే చూసి చెప్పొచ్చు. ఒకరు అట్ట మార్చడానికి ముందుకు పోతే మిగతావాళ్ళంతా పిస్టల్ కింద పెట్టి గీత వెనక్కి జరిగి నిలబడాలి. ఇవన్నీ ఎయిర్ పిస్టల్‌కు అవసరమా అని ఒక పిల్లోడు గొణిగాడు. వాడే ఒకరోజు వెనకనుంచి ఫ్రెండ్ పిలిస్తే పిస్టల్ చేతిలో ఉండగానే గిర్రున తిరిగాడు. సారు గొంతు పెంచలేదు. వాడి మణికట్టు పట్టుకొని గొట్టాన్ని నేలకు దించి, పిస్టల్ తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేసి, "ఇంక రేపు రాప్పా" అన్నాడు. ఆ మరుసటి రోజు నుంచి వాడంత జాగ్రత్తగా ఇంకెవరూ లేరు.

ఇంకొకటి, సబ్బు. పెల్లెట్లు, అంటే మేం కాల్చే గుండ్లు, సీసంతో చేసినవి. కాల్చడం అయ్యాక చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు పట్టుకుంటే సారు కళ్ళు మన మీదే ఉంటాయి. రెండు చేతులూ ఖాళీ లేవని పెల్లెట్ నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుందంట, అది మరీ అన్యాయం.

గోడౌన్ పైకప్పు రేకులది. ఏప్రిల్ మధ్యాహ్నం కర్నూల్లో రేకుల కింద నిలబడటం ఎట్లుంటుందో ఈ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. టార్గెట్ల పక్కన ఫ్యాన్ వేస్తే అట్టలు ఊగుతాయి, కాబట్టి గాలి మన వీపు వైపు నుంచే. అరచెయ్యి చెమట పట్టి గ్రిప్పు జారుతుంది. అందుకే మా బ్యాచీ పొద్దున ఆరింటికే.

అట్ట కొలతలు చెప్తాను. 17 సెంటీమీటర్ల చదరం. మధ్యలో నల్లటి వృత్తం 59.5 మిల్లీమీటర్లు. దాని నడిమధ్యన పది పాయింట్ల రింగు 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. పది మీటర్ల దూరం నుంచి, ఒంటి చేత్తో, ఆ గుండీని కొట్టాలి. పోటీలో అయితే 60 గుండ్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద గంటా పావులో. రెండో చెయ్యి జేబులోనో నడుముకో పెట్టుకోవాలి, సాయం పట్టకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, నాకు ఈ ఆట పిచ్చి పట్టించింది ఇదే.

పిస్టల్ ఎత్తి చూసినప్పుడు కంటి ముందు మూడు వస్తువులు ఉంటాయి. వెనక గాడి, పటాలం భాషలో బ్యాక్‌సైట్, కంటికి రెండడుగుల దూరంలో. గొట్టం చివరన నిలువుగా ఉండే ముక్క, ఫోర్‌సైట్, మూడడుగుల పైన. ఆ తర్వాత పది మీటర్ల అవతల అట్ట. కన్ను ఒక సమయంలో ఒక దూరానికే ఫోకస్ అవుతుంది, ఇది నేను రోజూ కస్టమర్లకు చెప్పే పాఠమే. మరి ఈ మూడింట్లో ఏది స్పష్టంగా కనపడాలి? క్లాసులో అందరం టార్గెట్ అన్నాం. "టార్గెట్ యాడికీ పోదు. ఫోర్‌సైట్ చూడండి" అన్నాడు సారు.

ఎందుకో ఆయన చెప్పలేదు, నేనే కాగితం మీద లెక్క వేసుకున్నాను. రెండు సైట్ల మధ్య దూరం 35 సెంటీమీటర్లు అనుకోండి. గాడిలో ఫోర్‌సైట్ ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగితే, పది మీటర్ల దగ్గరికి పోయేసరికి ఆ తేడా దాదాపు 29 మిల్లీమీటర్లు. పది రావలసినచోట ఏడు వస్తుంది. అదే చెయ్యి మొత్తం, పిస్టల్‌తో సహా, సమానంగా ఒక మిల్లీమీటర్ ఊగితే అట్ట మీదా ఒక మిల్లీమీటరే తేడా. అంటే చెయ్యి ఊగడం పెద్ద దోషం కాదు. ఎవరి చెయ్యైనా ఊగుతుంది. ప్రాణం పోయినా చూసుకోవలసింది ఆ రెండు సైట్ల పొందిక: పైఅంచులు సమానంగా ఉన్నాయా, గాడిలో ఫోర్‌సైట్‌కు అటూ ఇటూ వెలుతురు గీతలు ఒకే మందంలో ఉన్నాయా. నల్ల వృత్తం మసగ్గా ఉన్నా ఫరవాలేదు. గురి కూడా పది మీద పెట్టరు, నల్ల వృత్తం కింద తెల్లజాగా కొంచెం వదిలి, దాని కింద ఫోర్‌సైట్‌ను ఆనిస్తారు. నలుపు మీద నలుపు పెడితే అంచు తెలియదు కాబట్టి.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా "అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయా?" అని అడిగే నాకు, మసగ్గా కనిపించడమే సరైన చూపు అని ఒకరు నేర్పడం వింతగా ఉండింది. సారు ఇంకో అడుగు ముందుకేసి అట్టలు తిరగేసి పెట్టేవాడు. నల్లది లేదు, రింగులు లేవు, ఒట్టి తెల్ల అట్ట. కొట్టడానికి ఏమీ లేనప్పుడు కన్ను తప్పనిసరిగా ఫోర్‌సైట్ మీద నిలబడుతుంది. పిల్లలకు ఇది బోరు. నాకు మాత్రం అట్టలు మామూలుగా పెట్టినరోజు కంటే ఇదే బాగుండేది.

తర్వాత ఏ కన్ను పెత్తనం చేస్తోందో చూసే పరీక్ష. రెండు అరచేతులు చాపి, బొటనవేళ్ళ సందున చిన్న కంత చేసి, దాంట్లోంచి దూరంగా ఉన్న స్విచ్చిబోర్డు చూడాలి. ఒక్కో కన్ను మూసి చూస్తే ఒక కంటికే బోర్డు కంతలో నిలుస్తుంది, రెండో కంటికి మాయమవుతుంది. షాపులో ఎంతమందికో చేసిన పరీక్ష. నాకు నేను ఎప్పుడూ చేసుకోలేదు. తేలింది ఏందంటే, నాది కుడిచెయ్యి వాటం, పెత్తనం ఎడమ కంటిది. కుడిచేత్తో పిస్టల్ ఎత్తితే ఎడమ కన్ను దారికి అడ్డొచ్చి, రెండు ఫోర్‌సైట్లు కనిపిస్తాయి. మార్గాలు రెండు: ఎడమచేత్తో కాల్చడం నేర్చుకోవడం, లేకపోతే ఎడమ కంటికి అడ్డు పెట్టుకోవడం. పిల్లలకైతే సారు చెయ్యి మారుస్తాడు. నా వయసుకు అడ్డే మేలన్నాడు.

అడ్డు అంటే ఆయన ఇచ్చింది నల్ల ప్లాస్టిక్ ముక్క. ఇక్కడ నా వృత్తి నోరు తెరిచింది. ఒక కన్ను పూర్తిగా మూసినా, నల్లటి అడ్డు పెట్టినా, ఆ కంటికి పోయే వెలుతురు తగ్గి రెండో కంటిపాప కూడా కొంచెం పెద్దదవుతుంది. రెండూ జంటగా పనిచేస్తాయి మరి. కంటిపాప పెద్దదైతే దగ్గరిదీ దూరందీ రెండూ ఓ మోస్తరుగా కనిపించే వెసులుబాటు తగ్గుతుంది, అంటే ఫోర్‌సైట్‌కు టార్గెట్‌కు మధ్య రాజీ కుదరదు. పైగా బలవంతంగా ఒక కన్ను మూస్తే రెండో రెప్ప కూడా బిగుసుకుంటుంది. అందుకని వెలుతురు వచ్చే, బొమ్మ రాని అడ్డు కావాలి. లెన్స్ మీద పాలరంగు టేపు అంటిస్తే చాలు. పోటీ నియమాల్లో కంటి ముందు అడ్డు వెడల్పు 30 మిల్లీమీటర్లకు మించకూడదు, టేపు అంతకన్నా తక్కువే. సారు రెండు రోజులు గమనించి, నల్ల ముక్కలన్నీ తీసేసి అందరికీ టేపులే పెట్టమన్నాడు.

ఇప్పుడు ఆ మైనస్ 1.25. నా మామూలు అద్దాలతో చూస్తే టార్గెట్ అద్దంలా ఉంటుంది, ఫోర్‌సైట్ మాత్రం కన్ను బిగబట్టి చూస్తేనే. నలభై దాటాక చత్వారం తలుపు తడుతుంది కదా, ఫోకస్‌ను దగ్గరికి లాగే శక్తి తగ్గిపోతుంది. మొదటి పది గుండ్లకు లాగగలను, ఆ తర్వాత కన్ను అలసిపోయి సులువైన దారి పట్టి టార్గెట్ మీదికి పోతుంది. సరే, అద్దాలు తీసేసి చూద్దామనుకున్నా. మైనస్ 1.25 ఉన్న ఒట్టి కంటికి స్పష్టంగా కనపడే చివరి దూరం 80 సెంటీమీటర్లు. దాదాపు ఫోర్‌సైట్ ఉండే చోటు! గీత గీసినట్టు కనిపించింది. కానీ నల్ల వృత్తం బూడిదరంగు మచ్చయి, అంచు ఎక్కడుందో తెలియకుండా పోయింది. దాని కింద తెల్లజాగా ఎంత వదిలానో ఎట్లా తెలుస్తుంది?

మధ్యేమార్గం ఈ ఆటలో ఉన్నవాళ్ళకు తెలిసిందే. దూరపు పవర్‌కు ప్లస్ 0.50 కలపాలి, కొందరికి 0.75. నేను షాపు నుంచి పవర్ చూసే ట్రయల్ ఫ్రేము, లెన్సుల పెట్టె రేంజికి, అంటే మేం కాల్చే ఆ గోడౌన్‌కు, మోసుకుపోయాను. ఆ గుండ్రటి ఇనప ఫ్రేము ముక్కుమీద పెట్టుకొని పిస్టల్ ఎత్తితే పిల్లలు ఒకటే నవ్వు. ఒక్కో లెన్స్ మార్చి చూస్తూ పోయాను. 0.75 కలిపితే ఫోర్‌సైట్ ఇంకా సుఖం, కానీ వృత్తం అంచు మెత్తబడింది. 0.50 దగ్గర ఫోర్‌సైట్ పదునుగా ఉంది, వృత్తం మసకైనా దాని అంచు అంచులాగే ఉంది. మైనస్ 1.25కు ప్లస్ 0.50 కలిపితే మైనస్ 0.75. ఆ లెన్స్ నేనే కోసి వేసుకున్నాను, నా షాపులో బిల్లు రాయకుండా వెళ్ళిన మొదటి సరుకు అదే.

నవ్విన పిల్లల వెనకే సారు కూడా వచ్చి కూచున్నాడు. ఆయనవి ప్రోగ్రెసివ్ లెన్సులు. పైన దూరానికి, కింద దగ్గరికి, మధ్యలో మధ్య దూరానికి. ఫోర్‌సైట్ కోసం ఆ మధ్య సందు వెతుక్కుంటూ గడ్డం పైకి లేపుతున్నాడు, దాంతో మెడ బిగుస్తోంది, భుజం లేస్తోంది. ఎన్నేళ్ళ నుంచో అట్లాగే కాలుస్తున్నాడు. ప్రోగ్రెసివ్ వాడేవాళ్ళెవరూ వాటితో పిస్టల్ కాల్చొద్దు, ఒకే పవర్ ఉన్న లెన్స్ వేరేగా చేయించుకోండి. ఖర్చు పెద్దగా ఉండదు. షూటింగ్ కోసం ప్రత్యేకంగా లెన్స్‌ను అటూ ఇటూ జరుపుకునే ఫ్రేములు దొరుకుతాయి, తల పక్కకు తిప్పి చూస్తాం కాబట్టి లెన్స్ మధ్యభాగం చూపుకు ఎదురుగా రావాలని. పవర్ ఎక్కువున్నవాళ్ళకు అవి అవసరమే. ఒకటి రెండు పవర్ల లోపువాళ్ళు మామూలు ఫ్రేముతో మొదలుపెట్టొచ్చు.

ఈ మాట చెప్పగానే అందరూ నాకు ఒక ఫోటో పంపుతారు. పారిస్‌లో వెండి పతకం గెలిచిన టర్కీ ఆయన, యూసుఫ్ డికెచ్. అప్పటికి 51 ఏళ్ళు, టీషర్టు వేసుకొని, ఒక చెయ్యి జేబులో పెట్టుకొని కాల్చేసి పోయాడు కదా, నీకెందుకు ఈ హంగామా అని. ఆయన రెండు కళ్ళూ తెరిచి కాలుస్తాడు, అది ఏళ్ళ తరబడి సాధించుకున్న విద్య. ఇంకోటి, ఫోటో పెద్దది చేసి చూడండి, ఆయన ముక్కు మీద కళ్ళద్దాలున్నాయి.

ట్రిగ్గర్ గురించి ఎంత రాసినా చాలదు, కాబట్టి తక్కువే రాస్తాను. నియమం ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. పోటీకి ముందు పిస్టల్‌ను నిలువుగా పట్టుకొని ట్రిగ్గర్‌కు ఆ బరువు తగిలించి లేపి చూస్తారు, జారిపోతే పిస్టల్ పక్కన పెట్టాల్సిందే. అర కిలో బరువును కిలో పిస్టల్ కదలకుండా వేలి కొసతో నొక్కడం, అంతే ఆట. సారు దగ్గర దీనికి ఒకటే మందు, గోడకు ఎదురుగా నిలబడి గుండు లేకుండా నొక్కడం. ఖాళీ పిస్టల్‌తో అట్లా నొక్కడానికి పోటీల కోసం చేసిన మ్యాచ్ పిస్టళ్ళలో వేరే ఏర్పాటు ఉంటుంది. షాపులో కస్టమర్లు లేనప్పుడు లీటరు నీళ్ళ బాటిల్ చాపిన చేత్తో పట్టుకొని గోడ మీది క్యాలెండర్ వైపు నిలబడేదాన్ని. కోడుమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చూసి, "ఏమ్మా, దాహమైతే తాగకుండా సూస్తా నిలబడినావే?" అన్నాడు.

ఫీజు గడువు అయిపోయింది, నేను ఆగలేదు, ఇక సొంత పిస్టల్ మాట వచ్చింది.

మా పక్క బంగారం షాపు అన్నకు పాయింట్ 32 రివాల్వర్ లైసెన్సు ఉంది. "కొంటే నిజమైనదే కొనాలమ్మా, గాలి పిస్టల్ ఏంది?" అంటాడు. ఆయన చెప్పిన తతంగం విన్నాక నాకున్న కాస్త ఆశ కూడా పోయింది. ఆయుధాల చట్టం కింద దరఖాస్తు, పోలీసు విచారణ, ఎందుకు కావాలో కారణం, ఆయుధం క్షేమంగా వాడటం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్. 9 ఎంఎం నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం రంధ్రం కొలత), మామూలు మనిషికి లైసెన్సు ఇవ్వరు. అందుకే లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపించేది పాయింట్ 32, కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీ రివాల్వరో, ఇషాపూర్ 'అశని' పిస్టలో. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది. ఎన్నికలొస్తే చాలాసార్లు పోయి స్టేషన్లో అప్పజెప్పి రావాల్సి వస్తుంది. ఇంత చేసి ఆయన దాన్ని ఎప్పుడు కాల్చాడని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. తీసి గురి చూసి ఎన్నేళ్ళయిందో గుర్తులేని ఆయుధం నడుముకు పెట్టుకొని తిరిగే మనిషిని చూస్తే నాకు ధైర్యం కాదు, భయమే వేస్తుంది. ఆయనతో అనలేదులెండి.

ఎయిర్ పిస్టల్‌కు ఈ తలనొప్పి లేదు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ శక్తి ఆరు జౌళ్ళ చుట్టుపక్కలే. బిల్లు, ఆధార్ కాపీ జాగ్రత్తగా పెట్టుకుంటే చాలు.

ఇంటర్నెట్‌లో కొన్ని వేలకు దొరికే స్ప్రింగ్ పిస్టల్ చూపించాడు మా ఆయన. సారు దాన్ని చూడను కూడా చూడలేదు. స్ప్రింగ్ విడిచినప్పుడు లోపల పిస్టన్ ముందుకు కొట్టుకుంటుంది, గుండు గొట్టం దాటకముందే పిస్టల్ అదురుతుంది. నేర్చుకునేవాళ్ళకు తప్పు తమదో పిస్టల్‌దో తేలదు.

రెండోది రష్యా బైకాల్, ఐజెడ్‌హెచ్-46ఎం. సారు దగ్గర పాతది ఒకటి ఉంది, నాకు అమ్ముతానన్నాడు. కింద పొడవాటి లివర్ ఒకసారి లాగి మూస్తే ఒక గుండుకు సరిపడా గాలి నిండుతుంది. సిలిండర్ లేదు, గాలి నింపించుకునే బాధ లేదు, అదరదు, గురి అద్భుతం. మన ఊళ్ళకు ఇంతకంటే తగినది లేదని ఇప్పటికీ అంటాను. కానీ బరువు కిలోంబావు పైన, అదీ ముక్కు వైపు. అరవై గుండ్లకు అరవైసార్లు ఆ లివర్ లాగాలి. ముప్పయ్యో గుండుకే నా భుజం నాది కాకుండా పోయేది. బలమైన చేతులున్న మగపిల్లలెవరైనా ఉంటే కళ్ళు మూసుకొని కొనుక్కోండి.

మూడో రకం, ఇప్పుడు పోటీల్లో అందరూ వాడేది: గొట్టం కింద సిలిండర్ ఉండి, దాంట్లో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపేవి. మొరిని, స్టయర్, పార్దిని, వాల్తర్, ఫైన్‌వర్క్‌బావ్. కొత్తది రెండు లక్షల చుట్టుపక్కల. గురిలో వీటి మధ్య తేడా నా స్థాయికి లేనే లేదు, మనకంటే అన్నీ బాగానే కాలుస్తాయి. కాబట్టి ఎంచుకోవలసింది వేరే విషయాల మీద.

అందులో మొదటిది గ్రిప్పు. చెక్క గ్రిప్పు ఎక్స్‌ఎస్, ఎస్, ఎం, ఎల్ సైజుల్లో వస్తుంది. రేంజి పిస్టల్ ఎం. నా చేతికి పెద్దది, వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి నేరుగా వచ్చేది కాదు, పక్కనుంచి లాగినట్టయి గుండ్లన్నీ ఒక వైపే పడేవి. సారు నేర్పిన పరీక్ష సులభం. కళ్ళు మూసుకో, పిస్టల్ ఎత్తు, రెండు ఊపిరులు తీసుకొని కళ్ళు తెరువు. ఫోర్‌సైట్ గాడి మధ్యలో ఉంటే గ్రిప్పు నీది. ఎప్పుడూ ఒకే వైపు ఉంటే ఆ గ్రిప్పు నీ మణికట్టుతో కొట్లాడుతోందని అర్థం. రెండోది, గాడి వెడల్పు మార్చుకునే వీలు. నా వయసు కళ్ళకు ఫోర్‌సైట్ పక్కన వెలుతురు గీతలు సన్నగా ఉంటే కనపడవు, గాడి కొంచెం వెడల్పు చేసుకుంటే హాయి. చేతికి తేలికని పొట్టి మోడళ్ళు చూశాను గానీ, సైట్ల మధ్య దూరం తగ్గేకొద్దీ నేను చెప్పిన ఆ లెక్కలో తప్పు పెరుగుతుంది, వద్దనుకున్నా.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా, మామూలుదా అని ఇంజనీరింగ్ అమ్మాయి రోజూ చర్చ పెడుతుంది. ఎలక్ట్రానిక్ మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ టోక్యోలో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో చెడిపోయి, బాగుచేసుకునేలోపు ఎన్నో నిమిషాలు పోయాయి, ఫైనల్‌కు వెళ్ళలేకపోయింది. ఒలింపిక్స్‌లో పక్కనే సాయం చేసేవాళ్ళు ఉండికూడా అట్లయింది. కర్నూల్లో చెడిపోతే నాకు దిక్కు సారు స్క్రూడ్రైవర్, నా స్క్రూడ్రైవర్. మా ఇద్దరికీ సర్క్యూట్లు తెలియవు. మామూలు ట్రిగ్గరే కావాలనుకున్నా.

ఇంకో చిన్న విషయం ఎవరూ ముందు చెప్పరు. గాలి నింపే అడాప్టర్ ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. మా రేంజి పెద్ద సిలిండర్‌కు ఉన్నది స్టయర్‌ది. ఇక అక్కడితో నా ఎంపిక సగం అయిపోయింది.

హైదరాబాద్‌లో పై చదువులకు విదేశం పోతున్న ఒక పిల్లోడు స్టయర్ ఎల్‌పీ10 అమ్ముతున్నాడని తెలిసింది. ఎస్ సైజు గ్రిప్పు, మామూలు ట్రిగ్గర్. దీని లోపల గుండు పోయేటప్పుడు అదురును తినేసే చిన్న బరువు ఒకటి ఉంటుంది, కాల్చినప్పుడు సైట్లు ఉన్నచోటనే ఉంటాయి. బస్సెక్కి పోయి చూశాను. ట్రిగ్గర్‌కు బరువు తగిలించి చూశాను. కళ్ళు మూసుకొని ఎత్తి చూశాను. మధ్యలోనే ఉంది, కొంచెం ఎడమకు, అంతే. ఆ తర్వాత సిలిండర్ మీది తేదీ. వాటికి పదేళ్ళ గడువు, చాలామంది చూడరు. పాత పిస్టల్ బేరంలో ఎక్కువ మోసం జరిగేది అక్కడే. దీని గడువు ముగింపుకొచ్చింది. కొత్త సిలిండర్ ధర తగ్గించమన్నాను. వాళ్ళమ్మ లోపలి నుంచి "ఆంటీ అడిగినంతకు ఇచ్చేయ్‌రా, నీ అల్మారా ఖాళీ అవుతుంది" అనడంతో బేరం తెగింది.

గ్రిప్పు ఇంకా పూర్తిగా నాది కాలేదు. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉన్నచోట కొంచెం అరగదీశాను, అరచేతి గుంటలో చెక్క లప్పం నింపాను. మణికట్టుకు ఆసరా ఇచ్చేలా మాత్రం నింపకూడదు, నియమం ఒప్పదు. చిటికెన వేలు దగ్గర ఇంకా ఒత్తుతోంది. ఈ ఆదివారం షాపు మూశాక మళ్ళీ ఎమరీ కాగితం పట్టాలి.